మూడో పెడల్

"ఒంట్లో ఏ రోగమూ లేని మనిషిని ఆపరేషన్ బల్ల ఎక్కించమంటున్నావు సఫ్దర్ భాయ్," అన్నాడు మెకానిక్ గుల్‌ఫరాజ్ ఉస్తాద్ కారు బానెట్టు మూస్తూ. "ఆటోమేటిక్ గేరుబాక్సు నిక్షేపంలా ఉంది. ఆయిల్ తీసి చూశాను, మాడు వాసన కూడా లేదు. దీన్ని పీకి పారేసి చేత్తో వేసే గేర్లు పెట్టమంటావేం?"

ఈ ప్రశ్న వస్తుందని సఫ్దర్‌కి తెలుసు. బజారు నుంచి షెడ్డు దాకా జవాబు వల్లె వేసుకుంటూనే వచ్చాడు.

"పెట్రోలు తాగేస్తోంది ఉస్తాద్. పైగా మనవి కొండదారులు. దిగేటప్పుడు ఇంజను పట్టు ఉండాలి కదా! ఆటోమేటిక్ అంటే ఏముంది, బొమ్మ కారు. తొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. అదీ ఒక నడపడమేనా?"

"బొమ్మ కారేలే. కానీ మీ ఆవిడ, మా బాజీ, దాంతోనే కొండ మీది చీడ్‌గలీ దాకా ఎక్కి దిగుతోందిగా?"

సఫ్దర్ మొహం ముడుచుకుంది. పొద్దున్న కొట్లో జరిగింది కూడా సరిగ్గా ఇదే. సల్వారు గుడ్డ కోసం వచ్చినవాడు తానులన్నీ విప్పించి, ధర దగ్గర ఆగి, సఫ్దర్ మొహంలోకి పరకాయించి చూశాడు. "నువ్వు కారు బాజీ ఇంటాయనవి కదూ? బాజీ మా ఊళ్ళో పసివాళ్ళకి టీకాలేస్తుంది. ఆవిడ మొహం చూసి ఒక మంచి రేటు చెప్పు" అన్నాడు. మాన్‌సెహ్రా బజారులో ఆ కొట్టు తాతల నాటిది. గుమ్మం మీద తాత పేరు, దాని కింద తండ్రి పేరు, దాని కింద సఫ్దర్ పేరు పచ్చరంగుతో రాయించి ఉన్నాయి. ఆ మూడు పేర్లూ కనపడని మనిషికి ఊరవతల తిరిగే కారూ, అందులో కూర్చున్న తన పెళ్ళామూ కనపడ్డారు. సఫ్దర్ ఆ గుడ్డని కావాలనే ఒక వేలు తక్కువగా కొలిచి చించి ఇచ్చాడు.

సఫ్దర్ చెడ్డవాడు కాడు. ఈ మాట అతను తన నోటితో చెప్పుకోలేడు కాబట్టి మనమే చెప్పాలి. పెళ్ళాం మీద చెయ్యి ఎత్తినవాడు కాదు, ఆమె ఉద్యోగం మానిపించినవాడూ కాదు. కాకపోతే ఈ మధ్య ఆ తెల్లకారు సందు మొగలో మలుపు తిరిగి కనపడగానే, కళ్ళల్లో ఎవరో నిప్పులు పోసినట్టుండేది. సందులో పిల్లలు దారిచ్చేవాళ్ళు. రొట్టెల కొట్టు ముసలాయన చేతిలో పనాపి "ఖైరుగా, క్షేమంగా వచ్చావా బిడ్డా" అని పలకరించేవాడు. ఆ వెనకే మోటారుసైకిలు మీద సఫ్దర్ వస్తే, ఆ ముసలాయనే "కాస్త పక్కకి పెట్టు, తందూరుకి గాలి ఆడదు" అనేవాడు.

"బాజీకి గేర్ల బండి వచ్చా?" అని అడిగాడు ఉస్తాద్.

"నేర్చుకుంటుందిలే. నేను లేనూ?" సఫ్దర్ కారు తలుపు తీసి మూశాడు. తర్వాత మాట్లాడుతున్నది తాను కాదన్నట్టుగా ఎటో చూస్తూ అన్నాడు. "ఇంకో మాట ఉస్తాద్. క్లచ్ మాత్రం బాగా గట్టిగా ఉండాలి. పాత వ్యాన్లకి ఉంటుందే, అలాగ. మెత్తటి క్లచ్ నాకు పడదు."

గుల్‌ఫరాజ్ చేతులు తుడుచుకుంటున్నవాడు ఆ తుడుచుకోవడం ఆపాడు. డ్రైవరు సీటు మీద సఫ్దర్ భార్య షాయిస్తా వేసుకునే దళసరి దిండు ఉంది. పొట్టి మనిషి, అది లేకపోతే ఆమెకి బానెట్టు అవతల రోడ్డు కనపడదు. ఉస్తాద్ ఆ దిండుని రెండు వేళ్ళతో పైకెత్తి సఫ్దర్ చేతిలో పెట్టాడు.

"ఇది ఇంటికి పట్టుకుపో. ఇక్కడుంటే గ్రీజు అంటుతుంది," అన్నాడు. "ఇంతకీ బండి ఎవరిది భాయ్? నీదా, బాజీదా?"

"మొగుడూపెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏముంటుంది ఉస్తాద్? కాగితాలు నా పేరు మీదే ఉన్నాయి."

కాగితాలు అతని పేరు మీదే ఉన్నాయి, నిజమే. కొన్నది మాత్రం ఆమె చిట్టీ డబ్బుతో.

దిండు చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళేసరికి షాయిస్తా ఆవకూర తరుగుతోంది. గేరుబాక్సు జారుతోందనీ, ఆలస్యం చేస్తే ఏ కొండ మీదో ఆగిపోతుందనీ, ఉస్తాద్ గేర్ల బండిగా మార్చేయమన్నాడనీ సఫ్దర్ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"నిన్న కూడా వేసుకెళ్ళాను. జారలేదే?"

"జారే ముందు అలాగే ఉంటుంది. జారాక తెలిసి ఏం లాభం?"

"గేర్లు పెట్టిస్తే మరి నేనెలా నడుపుతానండీ?"

"నేనున్నానుగా! వారానికి రెండుసార్లేగా నువ్వు కొండ మీదకి వెళ్ళేది? కొట్టు మా తమ్ముడికి అప్పజెప్పి నేనే దింపుతాను, నేనే తీసుకొస్తాను."

ఆ మాట అంటున్నప్పుడు సఫ్దర్ గుండె నిజంగానే ఉప్పొంగింది. తాను స్టీరింగు ముందు, ఆమె పక్క సీట్లో. లోకంలో ఏది ఎక్కడుండాలో అది అక్కడ. షాయిస్తా కత్తిపీట పక్కన పెట్టి, దిండు అందుకుని, దానికి అంటిన దుమ్ము దులిపి, "సరే" అంది. పెద్ద పోట్లాట జరుగుతుందని నడుం బిగించుకుని వచ్చినవాడికి ఆ సరే చప్పగా ఉంది.

*

మర్నాటి నుంచి సఫ్దర్ మధ్యాహ్నం కొట్టు తమ్ముడికి అప్పగించి షెడ్డుకి చేరేవాడు. షెడ్డు వెనకే పాత సామాను బజారు. జపాను నుంచి నడిమికి కోసిన కార్లు కంటైనర్లలో వస్తాయి. ముందు సగాలన్నీ ఒక వరసలో, వెనక సగాలన్నీ ఇంకో వరసలో పడి ఉంటాయి. ఆ ముందు సగాల్లో ఒకదాని నుంచి గుల్‌ఫరాజ్ గేరుబాక్సు, దాని ఇరుసులు, కేబుళ్ళు, గేరు రాడ్డు, మూడు పెడళ్ళ చట్రం, ఇంజను కంప్యూటరు డబ్బా అన్నీ ఒకే బండివి ఏరి తెచ్చాడు.

"అన్నీ ఒక తల్లి పిల్లలై ఉండాలి భాయ్. ఒక బండి పెడలు, ఇంకో బండి కేబులు పెడితే రోజూ తోడికోడళ్ళ తగువే."

కారుని చెక్క దుంగల మీదకి ఎత్తాడు. ఎర్రటి ఆయిల్ రేకు డబ్బాలోకి కారిపోయింది. బోల్టులు విప్పి, గొలుసు తగిలించి, పాత గేరుబాక్సుని దించాడు. దాని నోట్లో గుమ్మడికాయంత ఇనప ఉండ ఉంది. దాన్ని అమాంతం లాగి నేలమీద దొర్లించాడు.

"ఇదిగో, నీ బొమ్మ కారు గుట్టంతా ఇందులోనే ఉంది. ఇంజనుకీ గేరుకీ మధ్య ఆయిల్ తిప్పుతూ సర్దిచెప్పేది ఇదే. ఇది పోయింది కాబట్టి ఇకనుంచి ఆ సర్దిచెప్పడం నీ ఎడమకాలే చేసుకోవాలి."

సఫ్దర్ పాత టైరు మీద కూర్చుని కహ్వా టీ తాగుతూ ఆ పని చూస్తుంటే పండగ చూస్తున్నట్టుండేది. పల్చటి రేకుచక్రం తీసి, దాని చోట బరువైన ఫ్లైవీల్ బిగించడం, దాని మీద క్లచ్ ప్లేటు ఆనించి, లేతు మీద గుండ్రంగా చెక్కిన కర్రముక్క మధ్యలో దూర్చి సరిచూసుకుని మూత బిగించడం, కొత్త గేరుబాక్సుని ఛాతీ మీద మోసుకుంటూ కారు కిందకి పాకడం, ఒక్కొక్కటీ కళ్ళారా చూశాడు. ఒక్కో బోల్టు బిగుస్తుంటే తన ఇల్లు కూడా బిగుస్తున్నట్టే అనిపించింది అతనికి.

షాయిస్తా తెల్లారకుండా లేచి, టీకాల పెట్టె భుజాన వేసుకుని, జనం వేలాడే సుజుకీ బండి పట్టుకుని డ్యూటీకి వెళ్ళేది. పొద్దుగూకాక బురద కొట్టుకుపోయిన చెప్పులతో వచ్చేది. సుజుకీలు దొరకలేదనేది. గడపలో కూర్చుని ఎడమకాలి పిక్క నొక్కుకుంటుంటే సఫ్దర్‌కి జాలేసేది. వేణ్ణీళ్ళు కూడా పెట్టి ఇచ్చాడు ఒకరోజు. కానీ ఆ జాలి అడుగున చక్కెర బిళ్ళంత తీపి ఒకటి కరుగుతుండేది. రొట్టెల కొట్టు ముసలాయన నడిచొస్తున్న ఆమెని చూసి, మునుపటిలా పనాపలేదు. అది కూడా సఫ్దర్ గమనించాడు.

పెడళ్ళు బిగించే రోజు వచ్చేసరికి ఉస్తాద్ అతన్ని టైరు మీద నుంచి లేపాడు. "రేపు, ఎల్లుండి రాకు భాయ్. వైర్ల పని ఉంది. పక్కన మనిషి కూర్చుని చూస్తుంటే వైర్ల దగ్గర నాకు చెయ్యి ఆడదు."

*

బండి చేతికొచ్చిన రోజు గుల్‌ఫరాజ్ తాళం ఇస్తూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "ఆటోమేటిక్‌కి గేరు తీసి పార్కులో పెడితేనే ఇంజను స్టార్టయ్యేది. ఇప్పుడా వైరు తిన్నగా కలిపేశాను. గేర్లో ఉన్నా స్టార్టవుతుంది. అందుకని క్లచ్ తొక్కకుండా తాళం తిప్పకు, బండి ఎగిరి దూకుతుంది."

సఫ్దర్ క్లచ్ తొక్కి చూశాడు. వెన్నముద్దలో వేలు దిగినట్టు దిగింది.

"గట్టిగా ఉండాలన్నాను కదా ఉస్తాద్?"

"కొత్త ప్లేటు. పోనుపోను గట్టిపడుతుందిలే."

"మరి ఈ పెడలేంటి, ఇదొక్కటే ఇంత ముందుకి పొడుచుకొచ్చింది? నా మోకాలు పోయి స్టీరింగుకి కొట్టుకుంటోంది."

"పాత సామాను భాయ్. అలవాటు చేసుకోవాలి. పెళ్ళయిన కొత్తలో నీకు అన్నీ తిన్నగానే కుదిరాయా ఏంటి?" అని నవ్వి, ఉస్తాద్ ఇంకో బండి కిందకి దూరిపోయాడు.

మర్నాడు పొద్దున్న సందంతా చూస్తుండగా సఫ్దర్ ఇస్త్రీ చొక్కాతో స్టీరింగు ముందు కూర్చున్నాడు. రాత్రి కొండవాళ్ళ అలవాటు ప్రకారం బండి ఫస్టు గేర్లో వేసి ఆపాడు. ఆ సంగతి మర్చిపోయి తాళం తిప్పాడు. కారు కప్పలా గెంతి, రొట్టెల కొట్టు ముందున్న నీళ్ళ బిందెని తన్ని ఆగింది.

"క్లచ్," అంది షాయిస్తా మెల్లగా, తన వైపు కిటికీలోంచి బయటికి చూస్తూ.

"తెలుసు," అన్నాడు సఫ్దర్.

చీడ్‌గలీ చేరేసరికి కారు హారను వినగానే అరుగుల మీద ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చారు. షాయిస్తా దిగీ దిగకముందే నలుగురు ఆమెని చుట్టేసి లోగిట్లోకి లాక్కుపోయారు. ఊరిపెద్ద మలిక్, గడ్డం నెరిసిన మనిషి, మంచం మీద నుంచి కర్ర ఆనించుకుని లేచి నిలబడి ఆమెకి సలాం చెప్పాడు. సఫ్దర్ తలుపు తీసి కిందకి దిగబోయాడు. ఇంతలో మలిక్ కొడుకు ఇల్యాస్ వచ్చి బానెట్టు మీద తట్టాడు.

"ఏయ్ డ్రైవర్, బండి అటు తిప్పి పెట్టుకో. ఇది ఆడవాళ్ళు తిరిగే చోటు."

అక్కడి పద్ధతి అది. పరాయి మగవాడు లోగిలి వైపు వీపు పెట్టి కూర్చోవాలి. ఊళ్ళో తనూ ఆ పద్ధతి పాటించేవాడే కాబట్టి సఫ్దర్ తప్పు పట్టలేడు. షాయిస్తా వెనక్కి తిరిగి, "ఆయన డ్రైవరు కాదు, మా ఆయన" అంటుందని చూశాడు. ఆమె అప్పటికే గుమ్మం దాటింది. విందో వినలేదో! నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయి, బండి తిప్పి కొండ చరియకి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు.

ఎదురుగా రాయి, రాయి మీద నాచు. వెనక నవ్వులు. ఆ నవ్వుల్లో షాయిస్తా నవ్వు వేరుగా తెలుస్తోంది. ఇంట్లో ఆమె అలా ఎప్పుడు నవ్విందో గుర్తు చేసుకోబోయాడు, గుర్తు రాలేదు. పక్క అద్దంలో ట్రే కనపడింది. కప్పులు, ఉడికించిన గుడ్లు, అక్రోట్లు. ట్రే అతన్ని దాటుకుని లోపలికి పోయింది. చాలాసేపటికి ఎవరిదో చెయ్యి గోడ మీదుగా ఒక మొక్కజొన్న రొట్టె, దాని మీద సగం ఉల్లిపాయ అందించింది. డ్రైవరు వాటా. సఫ్దర్‌కి కడుపులో మంట మొదలైంది. మలిక్ లాంటి మనిషి తన కొట్టుకొస్తే కూర్చున్నచోటు నుంచి లేవకుండా బేరమాడతాడు. ఆ మనిషే ఆమెకి లేచి నిలబడ్డాడు. కారు తన చేతికొస్తే ఆ గౌరవం కూడా సీటుతో పాటే తనవైపు జరుగుతుందనుకున్నాడు. తీరా చూస్తే అది ఆమెతోపాటే దిగి లోపలికి వెళ్ళిపోయింది. తనకి మిగిలింది స్టీరింగు.

"ఏంటి అంత నవ్వు లోపల?" అని అడిగాడు తిరుగుదారిలో.

"మెహనాజ్ ఏదో అంది."

"ఎవరా మెహనాజ్?"

"ఇల్యాస్ భార్య. కాన్పులు చేసే పనిలో ట్రైనింగుకి మాన్‌సెహ్రాలో సీటొచ్చింది ఆ పిల్లకి. ఇల్యాస్ పంపుతాననడు, పంపననడు. పై ఊళ్ళల్లో కాన్పు కష్టమైతే మంచం మీద వేసి మోసుకు దిగాలి. సగం మంది దారిలోనే పోతున్నారు. ఆ పిల్ల నేర్చుకొస్తే బాగుండును."

"ఊళ్ళోవాళ్ళ కాపురాలు నీకెందుకు?" అన్నాడు సఫ్దర్ కసిగా గేరు మారుస్తూ. గేరు గరగరమంది. షాయిస్తా చూపు రోడ్డు మీద లేదు, అతని ఎడమకాలి మీద ఉంది. "ఏం చూస్తున్నావు?"

"ఏం లేదు. మోకాలు తగులుతోందా?"

"నీ ఉస్తాద్ పనితనం!"

"మీ ఉస్తాద్," అంది షాయిస్తా.

*

తర్వాతి ప్రయాణం నాటికి వాన పడి వెలిసింది. చీడ్‌గలీకి ఇవతల నిట్టనిలువు మలుపు దగ్గర చరియ విరిగి పడితే ఒకే వరసలో బండ్లని వదులుతున్నారు. సఫ్దర్ కారు సరిగ్గా ఆ ఎక్కుడు మీదే ఆగాల్సి వచ్చింది. ముందు బండి కదిలింది. సఫ్దర్ క్లచ్ వదిలాడు, ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాడు, మోకాలు స్టీరింగుకి కొట్టుకుంది, కాలు జారింది, కారు జానెడు వెనక్కి దొర్లింది. వెనకున్న లారీ వాడు హారను మీద చెయ్యి తీయలేదు. మూడోసారి యాక్సిలేటరు మీద కసి తీర్చుకున్నాడు. కారు అరిచింది గానీ కదల్లేదు, మాడువాసన మాత్రం గుప్పుమంది. లారీ క్లీనరు దూకి వచ్చి వెనక చక్రం కింద రాయి పెట్టాడు.

"చాచా, గేర్లు రాకపోతే ఆటోమేటిక్ బండి కొనుక్కోరాదూ?" అన్నాడు వాడు. వెనక వరసంతా నవ్వింది.

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారే, అదే. సఫ్దర్ చెవులు ఎర్రబడ్డాయి. షాయిస్తా వెనక సీటు మీదున్న సంచీలోంచి దిండు తీసి, దిగి, చుట్టూ తిరిగి అతని తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"దిగండి."

"నీకు రాదు."

"దిగండి. జనం తిడుతున్నారు."

దిగాడు. ఆమె దిండు వేసుకుని కూర్చుని సీటు ముందుకి జరుపుకుంది. క్లచ్ తొక్కాకే తాళం తిప్పింది. ముందుకి పొడుచుకొచ్చిన ఆ పెడలు ఆమె పాదం కిందకి, కొలతకి కుట్టిన చెప్పులా వచ్చి కూర్చుంది. మోకాలు ఎక్కడా తగల్లేదు. సఫ్దర్ రోడ్డు మీద నిలబడి ఆ కాలునే చూస్తూ ఉండిపోయాడు. ఒకసారి ఇంజను ఆగింది. రెండోసారి ఆమె హ్యాండ్‌బ్రేకు పట్టుకుని, పెడలు అరంగుళం అరంగుళం వదులుతూ, బానెట్టు కాస్త పైకి లేచేదాకా ఆగి, అప్పుడు బ్రేకు దించింది. కారు చక్రం కింది రాయిని వదిలేసి పైకి పాకింది.

"రాయి తియ్యి చాచా, నా టైరు పోతుంది!" అని లారీవాడు అరిచాడు. సఫ్దర్ రెండు చేతులతో రాయి ఎత్తి పక్కన పడేసి, ఇస్త్రీ చొక్కాకి బురద పూసుకుని, పెళ్ళాం నడుపుతున్న కారు వెనకాల మలుపు దాకా పరిగెత్తాడు. పైన చదును మీద కారు అతని కోసం ఆగి ఉంది.

పక్క సీట్లో కూలబడి, రొప్పు తగ్గాక అడిగాడు. "ఎప్పుడు నేర్చావు?"

"మీరు వైర్ల పనికి రానప్పుడు. అంతకు ముందు కూడా, మీరు షెడ్డు నుంచి వెళ్ళిపోయాక. ఉస్తాద్ చాచా పాత డబ్బా బండి ఉంది కదా, షెడ్డు వెనక దిబ్బ మీద దాంతో ఎక్కించాడు, దింపించాడు. డ్యూటీ నుంచి తిన్నగా అక్కడికే పోయేదాన్ని. ఎడమకాలు పీకేసింది."

"గుల్‌ఫరాజ్ నీకు చెప్పేశాడా?"

"మీరు బండి వదిలిన సాయంత్రమే ఫోన్ చేశాడు. 'బాజీ, నీ గేరుబాక్సుకి ఏ జబ్బూ లేదు. మీ ఆయన ఆడమనిషి తొక్కలేని క్లచ్ పెట్టమన్నాడు. వద్దంటే ఇంకో షెడ్డుకి పోతాడు, వాళ్ళు నిజంగానే పెడతారు. నువ్వొకసారి వచ్చి కాలు కొలత ఇచ్చిపో' అన్నాడు. పెడల్ని నాకోసమే వంచాడు."

తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు సఫ్దర్. సిగ్గు పడాల్సిన చోట ముందుగా కోపమే వచ్చింది. "నాతో ఒక్క మాట చెప్పలేదేం మరి?"

"మీరు చెప్పారా నాతో?" షాయిస్తా అద్దం సరిచేసుకుంది. "ఎందుకు చేశారో నేనడగను. నాకు తెలుసు. కోపం లేదనుకోకండి. చాలా ఉంది. ఇంటికెళ్ళాక తిడతాను. ఇప్పుడు టీకాల పెట్టెలో మంచు కరిగిపోతుంది."

ఆమె సెకండు గేరు వేసింది. గరగరమనకుండా పడింది.

*

చీడ్‌గలీలో ఈసారి హారను మోగగానే ఆడవాళ్ళు రోడ్డు మీదే ఆగిపోయారు. వాళ్ళ కళ్ళు గేరు రాడ్డు మీద ఉన్న షాయిస్తా చేతి మీద పడ్డాయి. లారీలవాళ్ళలా గేర్లు వేస్తోంది బాజీ! పక్కన డ్రైవరు బొమ్మలా కూర్చున్నాడు. ఇల్యాస్ వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏంటి బాజీ, డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వు నడుపుతున్నావు? జ్వరమా ఇతనికి?"

సఫ్దర్ కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు చెబుతుంది. ఊరంతా వింటుండగా చెబుతుంది. చెప్పే హక్కుంది. దొంగ రోగం అంటగట్టి, బండి కోయించి, నా కాళ్ళు విరగ్గొట్టాలని చూశాడు ఈ మనిషి అంటుంది. వీళ్ళు సఫ్దర్‌ని ఇక కొట్టు మీది పేరుతో గుర్తుపట్టరు, కారు బాజీ మొగుడిగానూ గుర్తుపట్టరు, దీనితోనే గుర్తుపడతారు.

"డ్రైవరు కాదు," అంది షాయిస్తా దిగుతూ, మంచం మీదున్న మలిక్‌కి కూడా వినపడేలాగ. "మా ఆయన, సఫ్దర్. మొన్న చెప్పడం కుదరలేదు. ఆటోమేటిక్ బండితో కొండలు ఎక్కడం మంచిది కాదని, నేను పై ఊళ్ళకి కూడా వెళ్ళగలగాలని, తనే దగ్గర కూర్చుని గేర్లు పెట్టించారు. మధ్యాహ్నాలు కొట్టు కూడా తమ్ముడికి వదిలేశారు. ఈ పెడలు చూడు ఇల్యాస్, నా కాలు పొట్టిదని నా కొలతకి వంచి పెట్టించారు."

మలిక్ కర్ర ఆనించుకుని లేచాడు. ఈసారి సఫ్దర్ కోసం. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుని, వీపు వెనక దిండు వేయించాడు. ట్రే వచ్చింది. కప్పులు, అక్రోట్లు, ఉడికించిన గుడ్లు. "ఇలాంటి మగాడు ఉండబట్టే బాజీ మా పిల్లల్ని బతికించింది," అన్నాడు మలిక్. గోడ అవతల నుంచి ఎవరో ముసలమ్మ సఫ్దర్ తల్లికి దువా ఇచ్చింది. ఇల్యాస్ కారు చుట్టూ తిరిగి, లోపలికి వంగి ఆ పెడల్ని చేత్తో నొక్కి చూసి, వచ్చి మంచం కోడు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"భాయ్‌జాన్, మరి బజారులో జనం ఏమీ అనలేదా? పెళ్ళాం చేతికి అంత పెద్ద బండి అప్పజెబితే?" అని అడిగాడు మెల్లగా.

సఫ్దర్ చేతిలో సగం కొరికిన గుడ్డు ఉంది. అందరూ అతని నోటివైపే చూస్తున్నారు. మలిక్ చూస్తున్నాడు. గుమ్మంలో చున్నీ చివర పళ్ళతో పట్టుకుని మెహనాజ్ కూడా చూస్తోంది.

"అంటారు," అన్నాడు సఫ్దర్. గుడ్డు ట్రేలో పెట్టి మళ్ళీ అన్నాడు. "అననీ. వాళ్ళ పసివాళ్ళకి టీకా వేసేది కూడా ఆవిడేగా!"

మలిక్ బిగ్గరగా నవ్వి అతని వీపు మీద చరిచాడు.

తిరుగుదారిలో స్టీరింగు షాయిస్తా చేతిలోనే ఉంది. సఫ్దర్ ఒళ్ళో వాళ్ళు కట్టిచ్చిన గుడ్ల మూట ఉంది. మలుపుల్లో అది పగలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అంత అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాడు చివరికి. "నా పరువు కోసమా?"

"మీ పరువు కోసం కాదు." షాయిస్తా చూపు రోడ్డు మీద నుంచి తిప్పలేదు. "నిజం చెబితే ఇల్యాస్ వింటాడు. ఆడమనిషిని ఆపాలంటే నోటితో వద్దనక్కర్లేదు, ఇలాంటి ఉపాయాలు కూడా ఉన్నాయని వాడికి తెలుస్తుంది. ఆ పిల్ల ట్రైనింగు సీటు అక్కడితో సరి. అందుకని చెప్పలేదు. పట్నంలో ఒక మంచి మొగుడున్నాడని చెబితే, వాడికీ అలా అనిపించుకోవాలని ఉంటుంది."

"పంపుతానన్నాడా?"

"మీరు చెయ్యి కడుక్కుంటున్నప్పుడు మెహనాజ్‌తో అన్నాడట. సోమవారం తనే తీసుకొచ్చి దింపుతాడట."

సఫ్దర్ కిటికీ వైపు తిరిగాడు. పెళ్ళాం కాలి కొలతకి పెడలు వంచి పెట్టించిన ఆ మనిషికి మలిక్ లేచి నిలబడ్డాడు, ముసలమ్మలు దువాలిచ్చారు, ఇల్యాస్ లాంటివాడు అతన్ని చూసి మనసు మార్చుకున్నాడు. అతని గురించి చెబుతున్నప్పుడు షాయిస్తా గొంతు ఎంత మెత్తగా ఉందో సఫ్దర్ చెవులారా విన్నాడు. తనతో ఆమె అంత మెత్తగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో! ఇన్నాళ్ళూ ఎవరెవరినో చూసి మండిన అతని కడుపు, ఇవాళ ఆ మనిషిని చూసి భగ్గుమంది. అతని పేరు కూడా సఫ్దరే.

"ఇంటికెళ్ళాక తిడతానన్నావు," అన్నాడు.

"తిడతాను. మర్చిపోలేదు."

"సరే," అన్నాడు సఫ్దర్, గుడ్ల మూట ఇంకాస్త గట్టిగా పట్టుకుని.